కౌజుపిట్టల సంరక్షణ – నాలుగవ పాఠం: ఉన్నట్టుండి కాళ్ళు పడిపోతే కారణం వెతకడం ఎలా?

గత పాఠంలో ఆరోగ్యంగా ఉన్న పిట్టను రోజూ తూచడం, దాని రెట్టను గమనించి పుస్తకంలో రాసుకోవడం నేర్చుకున్నాము. ఆ పుస్తకం ఈ పాఠంలో అక్కరకు వస్తుంది. కాళ్ళు పడిపోవడం ఒక జబ్బు పేరు కాదు, అది ఒక లక్షణం మాత్రమే. గుడ్డు అడ్డుపడిన పెట్ట, వెన్నెముక దెబ్బతిన్న పుంజు, విటమిన్ చాలని పిల్ల, విషం సోకిన పిట్ట, ఈ నాలుగూ దూరం నుంచి ఒకేలా చతికిలబడి కనిపిస్తాయి. ఒకదానికి ప్రాణం పోసే మందు మరొకదానికి ఏ మేలూ చేయదు. అందుకే మందు సీసా తీయడానికి ముందు, ఒక వరుస ప్రకారం చూడడం అలవాటు చేసుకోవాలి.

మొదట ‘ఉన్నట్టుండి’ అన్న మాటనే ప్రశ్నించుకోవాలి. కౌజుపిట్ట వేటకు గురయ్యే జాతికి చెందినది కాబట్టి, నీరసాన్ని చివరిదాకా దాచుకుంటుంది. మనకు ఈ ఉదయం కనిపించిన బలహీనత మూడు రోజుల క్రితమే మొదలై ఉండవచ్చు. గుడ్లు ఆగిపోయాయా, పెంకు పలచబడిందా, దాణా సంచి మార్చామా, రాత్రి ఏదైనా చప్పుడుకు పిట్టలు బెదిరాయా అన్నవి పుస్తకంలో వెతకండి. బెదిరిన కౌజుపిట్ట పక్కకు పరుగెత్తదు, నిట్టనిలువుగా పైకి లేస్తుంది. పైకప్పుకు తల గుద్దుకుంటే తలకూ, మెడకూ, వెన్నుకూ దెబ్బ తగులుతుంది. రాత్రి బాగున్న పిట్ట తెల్లవారేసరికి లేవలేకపోతే నేను ముందుగా చూసేది నెత్తి మీది ఈకలనే. అక్కడ ఈకలు రాలి చర్మం కమిలి ఉంటే సగం సమాధానం దొరికినట్టే.

తరువాత, పిట్టను ముట్టుకోకుండా ఐదు నిమిషాలు చూడండి. చేతిలోకి తీసుకున్న వెంటనే అది భయంతో బిగుసుకుంటుంది, అసలు భంగిమ మాయమవుతుంది. ఒక కాలే ఈడుస్తోందా, రెండు కాళ్ళూనా అన్నది మొదటి ప్రశ్న. ఒక కాలే అయితే దెబ్బ, కీలు తప్పడం, వేలికి ఏదైనా చుట్టుకోవడం వంటి స్థానిక కారణాలను ముందుగా అనుమానించాలి. రెండు కాళ్ళూ అయితే వెన్ను, గుడ్డు, పోషణ, విషం, అంటువ్యాధి వైపు ఆలోచన సాగాలి. ఒక కాలు ముందుకూ మరొకటి వెనక్కూ చాచి పడుకోవడం, నరాలను దెబ్బతీసే వైరస్ జబ్బు అయిన మారెక్స్ వ్యాధిలో పేరుపడిన భంగిమ, అయితే కౌజుపిట్టలలో అది కోళ్ళలో ఉన్నంత తరచుగా కనిపించదు. కాళ్ళతో మొదలై రెక్కలు, చివరకు మెడ కూడా వాలిపోతూ ఉంటే బొట్యులిజం గుర్తుకు రావాలి. కుళ్ళిన కళేబరంలోనో, దాని మీది పురుగులలోనో ఉండే విషం వల్ల అది వస్తుంది. మెడ మెలితిరగడం, వణుకు, ఊపిరి ఇబ్బంది కలిసి కనిపించి, ఒకటికి మించి పిట్టలు పడిపోతే దాన్ని అంటువ్యాధిగానే భావించి, పిట్టలను వేరుచేసి, అదే రోజు పశువైద్యునికి తెలియజేయాలి.

ఇప్పుడు చేతితో పరీక్ష. పక్షులకు మనలాగా ఉదరవితానం (రొమ్ముకూ పొట్టకూ మధ్య ఉండి ఊపిరి ఆడించే కండరపు పొర) లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. కాబట్టి రొమ్మును ఎంతమాత్రం నొక్కకుండా, మెత్తని గుడ్డలో వదులుగా పట్టుకోండి. రెండు కాళ్ళనూ పక్కపక్కనే పోలుస్తూ తొడ నుంచి వేళ్ళ దాకా తడమండి. వేడి, వాపు, అసహజమైన కదలిక వెతకండి. వేళ్ళ సందులను భూతద్దంతో చూడండి. ఒకసారి నా పెట్టకు రెండు రోజులు కాల్షియం ఇస్తూ కూర్చున్నాను, అసలు కారణం దాని వేలికి బిగుసుకున్న ఒక తల వెంట్రుక. ఆ వేలు దక్కలేదు. నేను వేళ్ళను ముందుగా చూసి ఉంటే దక్కేది.

ఆపై గిల్లి చూసే పరీక్ష. వేలి కొసను నెమ్మదిగా నొక్కి రెండు విషయాలను విడివిడిగా గమనించండి: కాలు వెనక్కి లాక్కుంటోందా, పిట్టకు నొప్పి తెలుస్తోందా. ఈ రెండూ ఒకటి కావు. కాలు లాక్కోవడాన్ని వెన్నుపాము ఒక్కటే, మెదడు ప్రమేయం లేకుండా చేయగలదు. పిట్ట తల తిప్పి చూసినా, అరిచినా, తప్పించుకోబోయినా నొప్పి మెదడుదాకా చేరిందని అర్థం. కాలు లాక్కుంటున్నా పిట్టకు ఏమీ తెలియకపోతే వెన్నుపాముకు తీవ్రమైన దెబ్బ తగిలి ఉండవచ్చు, కోలుకునే ఆశ తక్కువ. ఈ తేడా తెలియక ‘కాలు కదులుతోంది, బాగుపడుతుంది’ అని రోజుల తరబడి పిట్టను బాధపెట్టడం నాకు చాలా బాధ కలిగించే సంగతి.

గుడ్లు పెట్టే పెట్ట అయితే ఈ పరీక్షలన్నిటితో పాటు పొట్ట వైపు తప్పక చూడాలి. కౌజు గుడ్డు సుమారు 10 గ్రాములు, అంటే పెట్ట బరువులో ఏడెనిమిది శాతం. కాళ్ళకు వెళ్ళే నరాలు కటి భాగం గుండానే సాగుతాయి కనుక, గుడ్డు అక్కడ ఇరుక్కుంటే వాటిని నొక్కి కాళ్ళను చచ్చుబరుస్తుంది. తోక పైకీ కిందికీ ఆడించడం, ముక్కడం, నిటారుగా నిలబడబోవడం దీని గుర్తులు. రొమ్ము ఎముకకూ రెట్టద్వారానికీ మధ్య వేలికొసతో తాకితే గట్టిగా తగులుతుంది, కానీ నొక్కవద్దు. లోపల పెంకు పగిలితే ప్రాణాపాయం. కండరం ముడుచుకోవడానికి కూడా కాల్షియం కావాలి కాబట్టి, అది తక్కువైతే పెంకు మెత్తబడుతుంది, గుడ్డును తోసే బలమూ తగ్గుతుంది. అందుకే గుడ్లు పెట్టే పెట్టల దాణాలో 2.5 నుంచి 3.5 శాతం కాల్షియం ఉండాలి. అదే దాణా పిల్లలకు పెడితే వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇరుక్కున్న గుడ్డు అనుమానం వస్తే పెట్టను సుమారు 30 డిగ్రీల వెచ్చదనంలో, మసక వెలుతురులో ఉంచి, ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.

పిల్లలలో కారణాలు వేరు. వేళ్ళు లోపలికి ముడుచుకుని, మడమ కీలు మీద కూర్చుని నడుస్తుంటే రైబోఫ్లావిన్ (విటమిన్ బి2) లోపాన్ని అనుమానించాలి. తొలిదశలో గుర్తిస్తే ఆ విటమిన్ ఇవ్వడం వల్ల కోలుకుంటాయి. నునుపైన నేల మీద పెరిగితే కాళ్ళు పక్కలకు జారి విడిపోతాయి. మడమ వెనుక స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) పక్కకు జారి కాలు వంకరపోతే మాంగనీసు లోపాన్ని అనుమానించాలి.

అభ్యాసం: వచ్చే వారం రోజులూ ఒక ఆరోగ్యవంతమైన పిట్టను రోజుకు ఒకసారి ఐదు నిమిషాలు దూరం నుంచి చూసి, తరువాత చేతిలోకి తీసుకుని రెండు కాళ్ళనూ పోల్చి, వేలు నొక్కినప్పుడు కాలు ఎంత త్వరగా లాక్కుందో, తల ఎటు తిప్పిందో రాసుకోండి. పిట్ట రొప్పడం మొదలుపెడితే వెంటనే వదిలివేయండి. అయిదవ పాఠంలో, విరిగిన కాలికి కట్టు వేయడానికి ముందు ఏ విరుపును ముట్టుకోకూడదో చూద్దాము.