సముద్రం ఒడ్డున వేసవి ఆటలు: చల్లగాలిని నమ్ముకోకండి

వేసవి సెలవుల్లో సముద్రం ఒడ్డున పిల్లల చేత వాలీబాల్ ఆడిస్తాను. ఆట అయ్యాక వాళ్లని నీళ్లలోకి దింపేదీ నేనే. కొత్తగా పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు ఏటా అనే మాట ఒకటుంది: "ఇక్కడ గాలి బాగా వస్తోంది కదండీ, ఎండ ఏం చేస్తుంది?" అందుకే ముందు ఆ గాలి సంగతి చెప్తాను.

చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, అది ఆరాలి. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరకుండా ధారగా కారిపోతుంది. నీళ్లూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే ఉండిపోతుంది. 32 డిగ్రీలే ఉన్నా, తేమ 70 శాతం ఉంటే ఒంటికి అది 41 డిగ్రీల లెక్క. అదీ నీడలో. నేరుగా ఎండలో నిలబడితే ఇంకో 8 డిగ్రీల దాకా కలుపుకోవాలి. అందుకని ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు డిగ్రీల దగ్గరే ఆగిపోకండి, కింద తేమ శాతం, ఒంటికి ఎంత వేడిగా తెలుస్తుందో చెప్పే 'ఫీల్స్ లైక్' అంకె కూడా చూడండి. ఆట పెట్టాలా మానాలా అన్నది నేను ఆ అంకెను బట్టే తేల్చుకుంటాను.

పైగా పగలు సముద్రం కన్నా నేల త్వరగా వేడెక్కుతుంది కాబట్టి, సముద్రపు గాలి పొద్దెక్కాక మొదలై మధ్యాహ్నానికి పుంజుకుంటుంది. అంటే ఎండ మండిపోయే వేళకే గాలి హాయిగా తగులుతుంది, చర్మం కమిలిపోతున్నా తెలియదు. పిల్లలకి నేను చెప్పే గుర్తు చాలా తేలిక: నీ నీడ నీకన్నా పొట్టిగా ఉందా, అయితే లోపలికి పద. మబ్బు పట్టినా, గొడుగు కింద కూర్చున్నా పూర్తి రక్షణ ఉండదు. ఇసుక, నురగ కింద నుంచి కూడా ఎండను మన మీదికి కొడతాయి. సన్‌స్క్రీన్ ఎస్పీఎఫ్ (ఎండను ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 30కి తగ్గకుండా, బయటికి వచ్చే 20 నిమిషాల ముందే రాయండి. 2 గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. అందరూ మర్చిపోయేది చెవులు, మెడ వెనక, పాదాల పైభాగం. నన్నడిగితే వదులుగా ఉన్న పొడుగు చేతుల చొక్కా అన్నిటికన్నా నయం.

సెలవుల మొదటి రోజే గంటలకొద్దీ ఆడించకండి. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజు కాసేపు ఆడించి, రోజురోజుకీ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి.

నీళ్లు దాహం వేసేదాకా ఆగి తాగితే ఆలస్యమైపోతుంది. ఆడుతున్న పెద్దవాళ్లయితే 15, 20 నిమిషాలకోసారి ఓ గ్లాసు, చిన్నపిల్లలు అంతకన్నా తక్కువ. అలాగని ఏకబిగిన తాగేయకూడదు. పెద్దవాళ్లయినా గంటకి లీటరున్నర దాటితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రాణం మీదికి వస్తుంది. గంట దాటి చెమట కక్కితే ఓఆర్ఎస్ తాగించండి, పొడిని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లకి తలకొట్టిన 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. రుచి కోసం ఉప్పు పెంచొద్దు.

ఇక నేను కళ్లార్పకుండా చూసేది పిల్లల ముఖాలు. ఇందాకటి దాకా అరుస్తున్న పిల్ల ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తుంది. చేతికొచ్చిన బంతిని వదిలేస్తుంది. నేను వెంటనే ఆట ఆపి, "స్కోరెంతమ్మా?" అని అడుగుతాను. సరిగ్గా చెప్పి, తలనొప్పిగా ఉందనో, కళ్లు తిరుగుతున్నాయనో, పిక్కలు పట్టేశాయనో అంటే నీడలో పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి, ఒళ్లు తడిపి, గుక్క గుక్కగా తాగిస్తాం. గంటలో తేరుకోకపోతే డాక్టరు దగ్గరికి.

స్కోరు తప్పు చెప్పినా, తడబడినా, తూలినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అని తేలిగ్గా తీసుకోవద్దు. ఆడుతూ వడదెబ్బ తగిలినవాళ్లకి చాలాసార్లు చెమట పడుతూనే ఉంటుంది. ఒకరు అంబులెన్స్‌కి ఫోన్ చేస్తుంటే మిగతావాళ్లు చల్లబరచడం మొదలుపెట్టాలి. తొట్టి ఉంటే తల పైకి పట్టుకుని మెడ దాకా చల్లటి నీళ్లలో ఉంచండి. లేదంటే బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లు పోస్తూ, గాలి తగిలేలా విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో చుక్క నీళ్లు కూడా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్రలు దీనికి పనిచేయవు.

నీళ్లలోకి దిగేముందు ఒడ్డున నిలబడి ఓ పది నిమిషాలు అలల్ని చూడండి. అటూ ఇటూ అలలు విరుగుతూ, మధ్యలో ఓ పాయ మాత్రం ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తే అందరికీ అక్కడే దిగాలనిపిస్తుంది. రిప్ కరెంట్ ఉండేది సరిగ్గా అక్కడే. ఒడ్డుకి వచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోయే దారి అది. బలమైనదైతే సెకనుకి 2 మీటర్లకు పైగా లాగుతుంది, ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. అది మనిషిని కిందికి ముంచదు, దూరంగా తీసుకుపోతుంది. ఒడ్డుకేసి ఈదీ ఈదీ అలిసిపోయినవాళ్లే మునుగుతారు. చిక్కుకుంటే వెల్లకిలా తేలండి, చెయ్యెత్తి పిలవండి. ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఏటవాలుగా ఒడ్డుకి రండి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే దూకకండి. తేలే వస్తువేదైనా విసిరి, లైఫ్‌గార్డుని పిలవండి.

మునిగిపోయేవాళ్లు కేకలు వేస్తారనుకోకండి, ఊపిరి తీసుకోవడానికే దిక్కుండదు. కాబట్టి పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి ఫోన్ పక్కన పడేసి వాళ్లనే చూస్తుండాలి, చిన్నవాళ్లయితే చేతికందేంత దగ్గరలో. ఎరుపు, పసుపు చారల జెండాలుంటే వాటి మధ్యనే దిగండి. ఎర్రజెండా ఉంటే దిగొద్దు.

పిల్లలు ఇసుకలో తవ్వే గొయ్యి వాళ్ల మోకాలి లోతు దాటనివ్వకండి, గోడలు కూలితే క్షణాల్లో కప్పేస్తుంది. ఉరుము వినబడితే అందర్నీ పక్కా భవనంలోకి తీసుకెళ్లి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. కారు అద్దాలు కాస్త దించినా సరే, పిల్లల్ని లోపల వదిలి రెండు నిమిషాల పనికి కూడా వెళ్లొద్దు. 10 నిమిషాల్లో లోపల 10 డిగ్రీలు పెరిగిపోతుంది.

ఇంటికెళ్లాక రాత్రి పడుకునేలోపు పిల్లల్ని మూత్రం రంగు అడగండి. ముదురు పసుపు అంటే నీళ్లు చాలలేదు. తలనొప్పి కూడా ఉంటే మర్నాడు ఆటకి పంపకండి, నాకో కబురు పెడితే చాలు.