స్లైడ్ల వెనక లేసు పువ్వు: పవర్‌పాయింట్‌లో సొంత నమూనా తయారు చేయడం ఎలా?

నరసాపురం, పాలకొల్లు వైపు ఆడవాళ్లు అల్లే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీలు నేర్పిన పని అది. ఇప్పటికీ ఎక్కువగా ఇళ్లల్లోనే, మిగతా పనుల మధ్యే సాగుతోంది. అలాంటి లేసు గురించి కొనేవాళ్లకు చెప్పే స్లైడ్లకు వెనక రెడీమేడ్ నీలం అలలు పెట్టడం నాకు అస్సలు నచ్చదు. ఆ లేసు పువ్వునే నేపథ్యంగా పెట్టుకోవచ్చు. డిజైనర్ అక్కర్లేదు, వేరే సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, పవర్‌పాయింట్ ఒక్కటి చాలు.

పద్ధతి ఇది: ఒక చదరపు ముక్క తయారు చేస్తాం. పవర్‌పాయింట్ దాన్నే అడ్డంగా, నిలువుగా పేర్చుకుంటూ స్లైడంతా నింపుతుంది. ముక్కల అతుకు కనబడకూడదు, మొత్తం కష్టమంతా అక్కడే.

ముందు నమూనా సంగతి

చాలామందికి మొదట తట్టేది చుక్కల ముగ్గు. చూడ్డానికి ఎంత బాగున్నా, తెలుగు రాసే స్లైడ్‌కి చుక్కలు, చిన్న గుండ్రాలు పనికిరావు. అక్షరం పక్కన సరిగ్గా సున్నా అంత గుండ్రం పడిందంటే ‘గడి’ కాస్తా ‘గండి’ అవుతుంది. పైగా మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. వెనక గీతలు కూడా అంతే పరిమాణంలో ఉంటే వెనక కూర్చున్నవాళ్లు ఏది వత్తో ఏది గీతో తేల్చుకోలేరు. అందుకే పువ్వు అక్షరం కంటే బాగా పెద్దదిగా, దాని గీత అక్షరం గీత కంటే సన్నగా ఉండాలి. పవర్‌పాయింట్‌లో ముందే ఉండే ప్యాటర్న్ ఫిల్ జోలికి వెళ్లకండి. అందులోవి మరీ చిన్న చుక్కలు, గీతలు. ప్రొజెక్టర్ మీద కళ్లు జిగేల్‌మంటాయి.

లేసు ముక్కకు ఫోన్‌తో ఫోటో తీసి అదే పెట్టేద్దాం అనిపిస్తుంది. కానీ ఫోటోలో ఒక పక్క వెలుతురు, ఒక పక్క నీడ ఉంటాయి కాబట్టి పక్కపక్కన పేర్చగానే గళ్లు తేలిపోతాయి. పువ్వును గీసుకోవడమే మేలు. అలాగే ఎవరో ఒకరు సొంతంగా వేసుకున్న డిజైన్‌ని ఉన్నదున్నట్టు దించాలనుకుంటే ముందు వాళ్లని అడగండి.

పువ్వు గీయడం

కొత్త ప్రెజెంటేషన్ తెరిచి, డిజైన్ ట్యాబ్‌లో స్లైడ్ సైజ్ దగ్గర కస్టమ్ ఎంచుకుని వెడల్పు 20 సెం.మీ., ఎత్తు 20 సెం.మీ. ఇవ్వండి. మీ కంప్యూటర్ అంగుళాలు చూపిస్తుంటే అంకె తర్వాత ‘సి’, ‘ఎమ్’ ఇంగ్లీషు అక్షరాలు కొట్టండి, అదే మార్చుకుంటుంది. ఈ స్లైడే మన ముక్క. దీని బ్యాక్‌గ్రౌండ్‌ని ఫార్మాట్ బ్యాక్‌గ్రౌండ్‌లో లేత గోధుమ రంగు చేయండి: ఎరుపు 251, ఆకుపచ్చ 247, నీలం 238.

ఇప్పుడు ఒక కోలగుండ్రం గీసి ఎత్తు 10, వెడల్పు 2 సెం.మీ. పెట్టండి. నో ఫిల్ ఇచ్చి, గీత మందం 6 పాయింట్లు, రంగు 233, 224, 205 చేయండి. కంట్రోల్ డి కొట్టి మరో మూడు తీసుకోండి. నాలుగింటికీ రొటేషన్ వరసగా 0, 45, 90, 135 డిగ్రీలు ఇవ్వండి. నాలుగూ సెలెక్ట్ చేసి అలైన్ సెంటర్, అలైన్ మిడిల్ నొక్కితే ఎనిమిది రేకుల పువ్వు వస్తుంది. మధ్యలో గీతలు ఒకదాని మీదుగా ఒకటి పోయే చోట అచ్చం లేసు అల్లికలా ముడి కనిపిస్తుంది. అందుకే రేకుల్లో రంగు నింపొద్దన్నది. చివరగా కంట్రోల్ జి తో గ్రూప్ చేయండి.

అతుకు కనబడకుండా

ఈ పువ్వుకి నాలుగు నకళ్లు తీయండి, మొత్తం ఐదవుతాయి. ఒకటి నడిమధ్యన, మిగతావి నాలుగు మూలల మీద, ఒక్కొక్కటి పావు వంతే లోపల ఉండేలా పెట్టాలి. చేత్తో లాగితే కుదరదు. ఫార్మాట్ షేప్‌లో పొజిషన్ దగ్గర అంకెలు టైప్ చేయండి. మధ్య పువ్వుకి అడ్డం 5, నిలువు 5. మూలల వాటికి అడ్డం, నిలువు ఇలా:

మైనస్ 5, మైనస్ 5
15, మైనస్ 5
మైనస్ 5, 15
15, 15

స్లైడ్ బయటికి పోయిన భాగం గురించి బెంగ వద్దు, సేవ్ చేసినప్పుడు అది రాదు. సేవ్ యాజ్‌లో పీఎన్‌జీ ఎంచుకుని, అడిగితే ‘జస్ట్ దిస్ వన్’ అనండి. ముక్కలు పక్కపక్కన చేరినప్పుడు నాలుగు మూలల పావులూ కలిసి ఒక నిండు పువ్వవుతుంది.

స్లైడ్లకు ఎక్కించడం

మీ అసలు ప్రెజెంటేషన్ తెరిచి వ్యూ ట్యాబ్‌లో స్లైడ్ మాస్టర్‌లోకి వెళ్లండి. ఎడమవైపు అన్నిటికంటే పైనున్న పెద్ద స్లైడ్ మీద నొక్కి, ఫార్మాట్ బ్యాక్‌గ్రౌండ్, పిక్చర్ ఆర్ టెక్స్చర్ ఫిల్, ఇన్సర్ట్ ద్వారా ఆ బొమ్మ తెచ్చుకోండి. వెంటనే అది సాగిపోయి వికారంగా కనిపిస్తుంది. కింద ‘టైల్ పిక్చర్ యాజ్ టెక్స్చర్’ టిక్ పెట్టి, స్కేల్ ఎక్స్, స్కేల్ వై రెండూ 25 శాతం చేయండి. ఇప్పుడు ముక్క సుమారు 5 సెం.మీ., పువ్వు రెండున్నర. 28 పాయింట్ల అక్షరం దాదాపు ఒక సెంటీమీటరే కాబట్టి పువ్వూ అక్షరమూ కలిసిపోవు. 6 పాయింట్ల గీత కూడా ఒకటిన్నరకు తగ్గుతుంది. మాస్టర్‌లో ఒకసారి చేస్తే స్లైడ్లన్నిటికీ వస్తుంది, ఒక్కోదానికీ విడిగా పెట్టక్కర్లేదు.

పువ్వు ఎంత ముద్దుగా వచ్చినా స్లైడంతా పరచాలని లేదు. చీరకు ఒళ్లు సాదాగా, అంచు నిండుగా ఉన్నట్టే స్లైడ్‌కీ అంచు చాలు. రాత ఎక్కువున్న స్లైడ్లకు నేను ఇదే చేయమంటాను. మాస్టర్‌లో నేపథ్యాన్ని ఒకే రంగుగా ఉంచి, ఎడమ పక్కన 5 సెం.మీ. వెడల్పు పట్టీ గీసి, ఆ పట్టీకి ఇదే టైల్ ఫిల్ ఇవ్వండి. రాత పెట్టెలను దానికి తగలకుండా కుడికి జరపండి. స్లైడ్ నిండా పువ్వులు మొదటి స్లైడ్‌కీ, ధన్యవాదాలు చెప్పే స్లైడ్‌కీ బాగుంటాయి.

అక్షరాలకు ముదురు గోధుమ రంగు (45, 40, 35) బాగా నప్పుతుంది. వెబ్ పేజీల్లో మామూలు రాతకు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య కనీసం 4.5:1 తేడా ఉండాలన్నది ప్రమాణం. స్లైడ్లకూ అదే పెట్టుకోండి. ఆ తేడాని ఖాళీ జాగా రంగుతో కాదు, పువ్వు గీత రంగుతో చూడాలి.

సమావేశం ఏ కల్యాణ మండపంలోనో పగటిపూట, కిటికీలన్నీ తీసి ఉంటే లేత గీతలు తెర మీద మాయమైపోతాయి. వీలైతే ముందే వెళ్లి ఒక స్లైడ్ వేసి, చివరి వరస కుర్చీలో కూర్చుని చూడండి. పువ్వు అసలు కనబడకపోతే ముక్క ఫైల్లో గీత రంగు 215, 203, 178 చేసి మళ్లీ పీఎన్‌జీ తీసుకోండి. అందుకే ఆ ఫైల్‌ని కూడా పవర్‌పాయింట్ ఫైల్‌గా దాచుకోండి.

గూగుల్ స్లైడ్స్ వాడేవాళ్లకు టైల్ సదుపాయం లేదు. వాళ్లు పవర్‌పాయింట్‌లో రాత లేని ఒక స్లైడ్‌ని పీఎన్‌జీగా సేవ్ చేసి, దాన్నే బ్యాక్‌గ్రౌండ్ బొమ్మగా పెట్టుకోవాలి. రెండు చోట్లా స్లైడ్ సైజు 16:9 ఉందో లేదో చూసుకోండి, లేకపోతే గుండ్రటి పువ్వు కోలగా సాగిపోతుంది.