సూదికి, ఆపరేషన్‌కు పిల్లలు సహకరించకపోతే: సమస్య - కారణం - పరిష్కారం

సమస్య: దవాఖాన గేటు చూడగానే ఏడుపు, ఆటో దిగనని మొండికేయడం

కారణం చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. "అన్నం తినకుంటే డాక్టర్ సూదేస్తడు" అని ఏడాది పొడుగునా బెదిరిస్తాం. తీరా ఆ రోజు "ఏం చెయ్యరు, ఊకె చూస్తరు" అని తీసుకొస్తాం. లోపల సూది కనబడగానే బిడ్డకు అమ్మ మాట మీద కూడా నమ్మకం పోతుంది.

పరిష్కారం: సూదిని శిక్షగా చూపడం మానండి. నిజమే చెప్పండి: "చురుక్కుమంటది బిడ్డా. పది లెక్కపెట్టేలోపు అయిపోతది. నేను నీ పక్కనే ఉంట." మూడేళ్లలోపు వాళ్లకు కాసేపటి ముందు, నాలుగు నుంచి ఆరేళ్ల వాళ్లకు ముందు రోజు, అంతకన్నా పెద్దవాళ్లకు నాలుగైదు రోజుల ముందు చెప్తే చాలు. చిన్నపిల్లలకు మరీ ముందే చెప్తే అన్ని రోజులూ భయపడుతూనే ఉంటారు.

సమస్య: నలుగురు పట్టుకున్నా సూది పెట్టనివ్వడం లేదు

కారణం: వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లూ చేతులూ అదిమితే ఏ బిడ్డయినా ప్రాణభయంతో గింజుకుంటుంది. ఎంత అదిమితే అంత ఎక్కువవుతుంది.

పరిష్కారం: నర్సుకు ముందే చెప్పి, బిడ్డను ఒళ్లో మీకు ఎదురుగా, ఛాతీకి ఛాతీ ఆనేలా కూర్చోబెట్టుకోండి. కాళ్లు మీ నడుముకు అటూ ఇటూ రావాలి. బిడ్డ ఒక చేయి మీ చంక కింది నుంచి వీపు మీదికి, రెండోది నర్సు వైపుకు. మీరు ఒక చేత్తో వీపును హత్తుకుని, ఇంకో చేత్తో ఆ మోచేతిని కదలకుండా పట్టండి. పాలు తాగే పసిబిడ్డకు సూదికి కాస్త ముందే రొమ్ము పట్టించి, అయ్యేదాకా తాగనివ్వండి. నొప్పి నిజంగానే తగ్గుతుంది. పెద్దపిల్లల చేత సబ్బు బుడగలు ఊదించండి. చర్మం మొద్దుబారే లిగ్నోకైన్-ప్రిలోకైన్ క్రీము గురించి డాక్టర్‌ను అడగండి. అది రాసి, పైన ప్లాస్టర్ అంటించి గంట ఆగితేనే పనిచేస్తుంది. ఐదు నిమిషాల ముందు రాసి, క్రీము పనిచేయలేదని అనడం సరికాదు.

సమస్య: అంత దూరం వచ్చాక ఆపరేషన్ వాయిదా పడింది

మన జిల్లాల వాళ్లకు ఇది పెద్ద దెబ్బ. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో తొలి బస్సెక్కి హైదరాబాద్‌లోని నిలోఫర్ పిల్లల దవాఖానకు వస్తారు. దారిలో మనవడు ఏడుస్తున్నాడని నాయనమ్మ రెండు బిస్కెట్లు చేతిలో పెడుతుంది. ప్రేమతోనే. కానీ మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అది ప్రాణాపాయం, అందుకే వాయిదా వేస్తారు.

పరిష్కారం: సాధారణంగా అన్నం, బిస్కెట్లు, ఆవు బర్రె పాలు, డబ్బా పాలు 6 గంటల ముందే ఆపాలి. తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు. పాలు కలిపిన చాయ్ నీళ్ల లెక్కలోకి రాదు. ఉదయం 8 గంటలకు ఆపరేషన్ అయితే రాత్రి కడుపునిండా అన్నం పెట్టండి. 2 దాటాక తిండి వద్దు, తల్లిపాలు 4 దాకా, నీళ్లు 6 దాకా. మీ డాక్టర్ వేరే సమయం చెప్తే అదే పాటించండి. వెంట వచ్చే ప్రతి ఒక్కరికీ ఈ మాట తెలియాలి, సంచిలో తినేవి ఉండొద్దు. పొరపాటున తిన్నా దాచకండి. వాయిదా పడ్డ తేదీ మళ్లీ దొరుకుతుంది. జ్వరం, కఫంతో దగ్గు ఉంటే బస్సెక్కకముందే ఫోన్ చేయండి. జలుబుతో ఉన్న గొంతుకు మత్తు పడదు, శ్వాస బిగుసుకుపోవచ్చు.

సమస్య: గోర్లకు రంగు, నడుముకు వెండి మొలతాడు

గోర్ల రంగు, మైదాకు వల్ల వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగా చదవకపోవచ్చు. లోహం ఒంటి మీద ఉంటే ఆపరేషన్‌లో వాడే కరెంటు పరికరంతో కాలే ముప్పుంది. ఎమ్మారై (పెద్ద అయస్కాంతంతో తీసే స్కానింగ్) గదిలోకైతే లోహం అసలు వద్దు. తాయత్తు తీయడానికి పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే ఆపరేషన్ అయ్యేదాకా తల్లి చేతికి కట్టుకోమనండి.

సమస్య: మెలకువ వచ్చాక తన్నుకుంటూ ఏడుస్తోంది, అమ్మను గుర్తుపట్టడం లేదు

కారణం: మత్తు దిగేటప్పుడు కొందరు పిల్లల్లో వచ్చే కలవరం ఇది. ఎక్కువగా అరగంటలోపే తగ్గుతుంది. అయితే నొప్పి వల్ల కూడా ఏడవచ్చు, కాబట్టి నర్సుకు చెప్పండి. చుట్టాలను బయటే ఉంచి, లైట్లు తగ్గించి, ఒక్కరే మెల్లగా పేరు పెట్టి పిలుస్తూ ఉండండి. సెలైన్ సూది ఉన్న చేతిని మాత్రం వదలకండి, ఆ కలవరంలోనే పీకేసుకుంటారు.