లొకేషన్ లేని ఫొటో ఏ ఊరిదో తేల్చిన తీరు

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లొకేషన్ వివరాలు చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితేనే మిగులుతాయి. ఇది ఫొటోగానే వచ్చింది, అందుకే బొమ్మనే చదవాల్సి వచ్చింది. బండరాళ్ల గుట్టలు, పక్కన కిలోమీటరు రాయి. దాని తల పసుపు, అంటే జాతీయ రహదారి. ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి. రాతిమీది అక్షరాలు తెలుగే అనిపించాయి. పెద్దది చేసి చూస్తే తలకట్టు మన టిక్కు గుర్తులా లేదు, అడ్డగీతలా సాగి కొస వంపు తిరిగింది. కన్నడ! లారీ నంబరేమో ఏపీ 02, అనంతపురం. ఇక్కడే చాలామంది పొరబడతారు. లారీ ఎక్కడికైనా పోతుంది, దుకాణం కదలదు. దుకాణం బోర్డు మీద ఫోన్ నంబరు 08394తో మొదలైంది, అది కర్ణాటకలోని హోసపేట ఎస్టీడీ కోడ్. ఆ చుట్టుపక్కల రహదారి వెంట గూగుల్ మ్యాప్స్‌లో రోడ్ల ఫొటోలు చూపే స్ట్రీట్ వ్యూలో వెతికి, గుట్టల అంచు వరస, కరెంటు స్తంభాలున్న వైపు రెండూ కలిశాకే ఖాయం చేశాను.