భూమి ఖాతాలో కలిసిపోయిన ప్రహరీ, పేవింగ్: ఎలా విడదీశాను

లెడ్జర్‌లో భూమి విలువ 90,00,000 ఉంది, తరుగుదల (ఆస్తి అరిగేకొద్దీ ఏటా ఖర్చుగా రాసే భాగం) సున్నా. వోచర్లు తిరగేస్తే అందులో పార్కింగ్ పేవింగ్ 12,00,000, ప్రహరీ 6,00,000 దొరికాయి. భూమి అరగదు కాబట్టి దానికి తరుగుదల ఉండదు. పేవింగ్, ప్రహరీ మాత్రం అరుగుతాయి, పగుళ్లిస్తాయి, మళ్లీ కట్టాలి.

ముందు 18,00,000ను ‘భూమి అభివృద్ధి పనులు’ అనే కొత్త ఖాతాకు మార్చాను. రిజిస్ట్రేషన్ ఖర్చు, కొన్నప్పుడే చేయించిన చదును భూమిలోనే ఉంచాను, అవి నేలతోపాటే ఉండిపోతాయి.

పేవింగ్‌కు 15 ఏళ్లు, ప్రహరీకి 10 ఏళ్లు ఆయుష్షు వేస్తే తరుగుదల ఏటా 80,000 + 60,000 = 1,40,000. అప్పటికే 3 పూర్తి సంవత్సరాలు గడిచాయి, అంటే 4,20,000 తరుగుదల రాయకుండా మిగిలిపోయింది.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆ మొత్తాన్ని ఈ ఏడాది ఖర్చులో వేస్తే లాభం అన్యాయంగా పడిపోతుంది. ఇది అంచనా మార్పు కాదు, పాత తప్పు. మొత్తం పెద్దదైతే ఐఏఎస్ 8 (పాత తప్పులను సరిదిద్దే పద్ధతి చెప్పే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం) ప్రకారం నిల్వ లాభాల (పంచకుండా పోగైన గత లాభాల) ప్రారంభ నిల్వకు డెబిట్, పోగైన తరుగుదలకు క్రెడిట్ చేయాలి. పోలిక కోసం చూపే గతేడాది అంకెలనూ సవరించాలి. ఈ ఏడాది ఖర్చుకు వెళ్లేది 1,40,000 మాత్రమే. వాయిదా పన్నును (పుస్తకాల లెక్కకూ పన్ను లెక్కకూ తేడా వల్ల తర్వాతి ఏళ్లలో పడే పన్ను ప్రభావాన్ని) కూడా మళ్లీ లెక్కించండి, దాన్ని తరచూ మరిచిపోతారు.