సీవర్ పైపులో చెట్టు వేర్లు: అమెరికా ఇంటి ఇన్సూరెన్స్ ఎంతవరకు కడుతుంది, క్లెయిమ్ ఎలా నిలబెట్టుకోవాలి

వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలినప్పుడల్లా కింది టాయిలెట్ గుడగుడమంటోందా? షవర్ అడుగున మురుగు తేలుతోందా? ఒక్క సింకులోనే నీళ్లు మెల్లగా దిగుతుంటే అడ్డం ఆ సింకు పైపులోనే ఉంటుంది. ఇంట్లో అన్నిటికన్నా కిందున్న డ్రెయిన్‌లోంచి పైకి వస్తోందంటే మాత్రం అడ్డం వీధి వైపు వెళ్లే పెద్ద పైపులో ఉన్నట్టే. ముందు ఇంట్లో నీళ్ల వాడకం మొత్తం ఆపండి, డిష్‌వాషర్‌తో సహా. చాలాసార్లు పైకి పొంగేది వీధి మురుగు కాదు, మనం వదిలిన నీళ్లే. వాడకం ఆపితే పొంగడమూ ఆగుతుంది.

పాత ఇళ్లలో సీవర్ లైన్లు ఎక్కువగా కాల్చిన మట్టి పైపులు, పోత ఇనుము పైపులు. 1940ల నుంచి 1970ల మొదటి వరకు కట్టిన కొన్ని ఇళ్లలో ఆరెంజ్‌బర్గ్ అనే తారు పట్టించిన పీచు పైపు కూడా ఉంటుంది. మట్టి పైపుకు కొద్ది అడుగులకో అతుకు. ఆ సందులోంచి బయటికొచ్చే తేమను పట్టుకుని వెంట్రుకంత వేరు లోపలికి దూరుతుంది. లోపల నీళ్లూ ఎరువూ రెండూ దొరకడంతో కుచ్చులా పెరుగుతుంది. సింకులో పోసిన వేపుడు నూనె, గంజి, వెట్ వైప్స్ ఆ కుచ్చుకు పట్టుకుని గట్టిపడతాయి. కొత్త పీవీసీ పైపని ధీమా పడకండి. డాలస్ చుట్టుపక్కల నేల మన నల్లరేగడిలాగే ఎండకు బీటలిచ్చి వానకు ఉబ్బుతుంది, ఆ కదలికకు పీవీసీ అతుకులు కూడా సడలుతాయి.

ఇక పాలసీ సంగతి. సొంతింటివాళ్లలో ఎక్కువమంది దగ్గరుండేది హెచ్‌ఓ-3 (HO-3) అనే రకం పాలసీ. ఇందులో వేర్ల వల్ల పాడైన పైపును అరుగుదల కిందే లెక్కేస్తారు, కాబట్టి పైపు రిపేరు ఖర్చు సాధారణంగా రాదు. డ్రెయిన్ ద్వారా వెనక్కి తన్నిన మురుగు వల్ల జరిగిన నష్టాన్ని కూడా మూల పాలసీ మినహాయిస్తుంది. ఈ రెండిటికీ వేర్వేరు ఎండార్స్‌మెంట్లు, అంటే మూల పాలసీకి విడిగా కొని జతచేసుకునే కవరేజీలు ఉంటాయి. ఒకటి కొనుక్కుని రెండోదీ ఉందనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు.

సర్వీస్ లైన్ కవరేజీ భూమిలోని పైపుకు, తవ్వకానికి, పాడైన లాన్ బాగుచేయడానికి. పరిమితి చాలాచోట్ల 10,000 డాలర్లు. కొనేముందు ‘వేర్లు’ అన్న మాట స్పష్టంగా ఉందో లేదో చదవండి. వీధి కింద భాగానికి వర్తిస్తుందా అని కూడా అడగండి. కొన్ని ఊళ్లలో ప్రధాన కాలువ దాకా పైపు బాధ్యత ఇంటి యజమానిదే, ఇంకొన్ని ఊళ్లలో స్థలం హద్దు వరకే. వాటర్ బ్యాకప్ కవరేజీ ఇంట్లోకి వచ్చిన మురుగు పాడుచేసిన ఫ్లోరు, గోడలు, సామాన్ల కోసం. దీనికి 5,000, 10,000, 25,000 డాలర్లలా పరిమితులుంటాయి. బేస్‌మెంట్‌ను గదులుగా కట్టుకున్నవాళ్లకు 5,000 చాలదు. ముందే తెలిసిన నష్టానికి ఏదీ వర్తించదు. అందుకే ఇల్లు కొనేటప్పుడే కెమెరా పరీక్ష చేయించి, పైపు బాగున్నప్పుడే వీటిని జత చేసుకోండి.

క్లెయిమ్ నిలిచేదీ పోయేదీ ప్లంబర్ రాసిన కాగితం మీదే. ‘డ్రెయిన్ క్లియర్ చేశాం’ అన్న ఒక్క ముక్క బిల్లు దేనికీ పనికిరాదు. ‘క్లీనౌట్ నుంచి 38 అడుగుల దగ్గర, 4 అంగుళాల మట్టి పైపు అతుకు విడిపోయింది, పైభాగంలోంచి వేర్లు లోపలికి వచ్చాయి’ అన్నంత వివరంగా రాయించుకోండి (క్లీనౌట్ అంటే పైపును శుభ్రం చేయడానికి మూత పెట్టి ఉంచిన నోరు). అడ్డం ఎక్కడుందన్నది కీలకం. మీ స్థలంలోని పైపులోంచే పొంగిందా, వీధి కాలువ నుంచి వెనక్కి తన్నిందా అన్నదాన్ని బట్టి పాలసీలో వర్తించే నిబంధన మారవచ్చు. చూసినది మాత్రమే రాయమనండి, ఎన్నేళ్ల నుంచి ఉందో ఊహించి రాయవద్దని చెప్పండి. వీడియో ఫైలు తీసుకోండి, అందులో అడుగుల లెక్క తెర మీద కనబడుతూ ఉండాలి. వేర్లు కోయకముందు కెమెరా వెళ్లినంత దూరం ఒకసారి, కోశాక పూర్తిగా ఇంకోసారి తీయించండి. కట్టర్‌కు చుట్టుకుని వచ్చిన వేర్ల కుచ్చును ఫోటో తీయండి. తవ్వి తీసిన పైపు ముక్కను అడ్జస్టర్ (నష్టాన్ని చూసి లెక్కగట్టే ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి) చూసేదాకా పారేయొద్దు.

కంపెనీకి అదే రోజు ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. మురుగు తోడించడం, తడిసిన కార్పెట్ తీయించడం మాత్రం వాళ్లొచ్చేదాకా ఆపకండి, నష్టం పెరగకుండా చూడటం పాలసీ ప్రకారం మీ బాధ్యతే. ముందు ఫోటోలు తీసి, కార్పెట్ ముక్క ఒకటి దాచి, రసీదులన్నీ ఉంచండి.

రిపేరు విషయంలో వేర్లు కోయించడం తాత్కాలికమే, మళ్లీ పెరుగుతాయి. పగిలిన పైపులో అధిక పీడనపు నీళ్లు కొట్టిస్తే పగులు పెద్దదవుతుంది, కాబట్టి కెమెరా చూడకుండా ఒప్పుకోకండి. లోపలి నుంచి రెసిన్ లైనింగ్ వేస్తే అతుకుల్లేని గొట్టం తయారవుతుంది. అయితే కూలిపోయిన పైపులో అది పట్టదు, కిందికి వంగి నీళ్లు నిలిచే పైపును అది సరిచేయదు. అలాంటి చోట తవ్వి కొత్త పైపు వేయాల్సిందే. 4 అంగుళాల పైపుకు అడుగుకు పావు అంగుళం వాలు ఉండేలా చూడండి. తవ్వేముందు 811కు ఫోన్ చేసి గ్యాస్, కరెంటు లైన్లు గుర్తు పెట్టించాలి. వేర్లు చంపడానికి మైలుతుత్తం పోయడం శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా కౌంటీల్లో నిషేధం.

క్లెయిమ్ తిరస్కరిస్తే ఫోన్ మాటతో సరిపెట్టుకోకండి. ఏ నిబంధన కింద తిరస్కరించారో లిఖితంగా అడగండి. ‘అరుగుదల’ అని రాస్తే, మీ సర్వీస్ లైన్ ఎండార్స్‌మెంట్‌లో అరుగుదల, వేర్లు కవరయ్యే వాక్యాన్ని చూపుతూ వీడియోతో పాటు మళ్లీ పంపండి. అయినా కదలకపోతే మీ రాష్ట్ర ఇన్సూరెన్స్ విభాగంలో ఫిర్యాదు చేయవచ్చు, దానికి ఫీజు లేదు. కోర్టుకు వెళ్లడానికి పాలసీలోనే గడువు రాసి ఉంటుంది, హెచ్‌ఓ-3 నమూనా పాలసీలో అది నష్టం జరిగినప్పటి నుంచి రెండేళ్లు.