మ్యూజియం యాడ్‌ని సినిమాలా తీయాలంటే

మొత్తం మ్యూజియాన్ని నిమిషంలో చూపించాలన్న ఆశ ముందే వదిలేయండి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియమే తీసుకుంటే మూడు వస్తువులు చాలు: ముసుగు రెబెక్కా అనే పాలరాతి బొమ్మ, సంగీత గడియారం, ‘ఫౌస్ట్’ నాటకంలోని దయ్యం మెఫిస్టోఫిలిస్ ఒకవైపు, అందులోని అమ్మాయి మార్గరెట్టా రెండోవైపు కనిపించే కొయ్య శిల్పం. స్క్రిప్టు రాసేముందు కెమెరా లేకుండా ఒక పూటంతా తిరిగి, జనం ఎక్కడ ఆగిపోతున్నారో, పిల్లలు దేన్ని చూసి పరుగెత్తుతున్నారో గమనించండి. అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. శుక్రవారం సందర్శకులకు సెలవు, ఆ రోజు షూటింగ్‌కి ఇస్తారేమో అడగండి.

రెబెక్కా దగ్గర తొందరపడొద్దు. ఇటలీ శిల్పి బెంజోనీ పాలరాతిలో చెక్కిన ఆ పల్చటి ముసుగుకి ఎదురుగా లైటు వేస్తే మడతలన్నీ చదునైపోయి అందం చచ్చిపోతుంది, అందుకే పక్కనుంచి, కాస్త పైనుంచి ఒక్క మెత్తటి ఎల్ఈడీ చాలు, కెమెరా స్లైడర్ (కెమెరాని జరిపే పట్టా) మీద బాగా నెమ్మదిగా కదలాలి. ఫ్లాష్ అసలొద్దు.

గడియారంలోని గడ్డపు మనిషి బొమ్మ గంటకోసారే బయటికొచ్చి గంట కొడుతుంది, కాబట్టి టేక్ తప్పితే మళ్లీ గంట ఆగాలి. రెండు మూడు కెమెరాలు పెట్టి, శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకోండి. మధ్యాహ్నం 12 అయితే 12 దెబ్బలు దొరుకుతాయి, ఎడిటింగ్‌లో అదే మీ లయ.

కొయ్య శిల్పం వెనక అద్దం ఉంది, అందులో మీ ప్రతిబింబం పడకుండా నల్లబట్టలు వేసుకుని ఏటవాలుగా తీయండి. గాజు పెట్టెలకు పోలరైజర్ (గాజు మీది మెరుపుని తగ్గించే ఫిల్టర్) వాడండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, సెకనుకు 24 ఫ్రేముల్లో తీసేటప్పుడు షట్టర్ వేగం 1/50 సెకను పెడితే లైట్లు మినుకుమినుకుమనవు.